పట్టు

గ్రిమ్స్‌బీలో మంగళవారం చెత్తబండి వస్తుంది.
సోమవారం రాత్రి పదకొండు దాటాక
ఎనభై మూడేళ్ళ మా మేనత్త అలివేలు
నైటీ మీద కోటు తొడుక్కుని
తనకంటే బరువైన డబ్బాని
వీధి మలుపుదాకా ఈడ్చుకెళ్తుంది,
ఎదురింటి మౌరీన్ నిద్రపోయిందని తేల్చుకున్నాకే.
చూస్తే సాయానికొస్తుందని భయం.

ఈ సంగతి నాకు మౌరీనే చెప్పింది.
లైటార్పి, కర్టెన్ వెనక నిలబడి,
అత్తయ్య మళ్ళీ లోపలికెళ్ళేదాకా
ఆవిడా పడుకోదట.

పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు.
అత్తయ్య కుందేటికి రెండే.
మూడో కాలు, ఆసుపత్రివాళ్ళిచ్చిన చేతికర్ర,
వంటింటి కిటికీ పడిపోకుండా ఊతగా నిలబెట్టింది.
మెళ్ళో వేసుకోమన్న అలారం బిళ్ళని
టీ కెటిల్ మెళ్ళో వేసింది.
"అరవడం దానికలవాటే" అంది.

స్నానం చేయించడానికి కౌన్సిల్ పంపిన పిల్లని
కుర్చీలో కూలేసి, బీపీ చూసి,
ఉప్పు తగ్గించమని చెప్పి పంపేసింది.
రెండోసారి ఆ పిల్ల నర్సింగు పుస్తకాలు పట్టుకొచ్చింది.
మూడోసారి స్నేహితురాల్ని కూడా.
స్నానం ఊసు ఎత్తినవాళ్ళు లేరు.

నేను లింకన్ నించి గంటపైనే కారు నడిపి
పప్పు తెస్తాను.
"మీ ఇంట్లో చింతపండు నిండుకుందా?" అంటుంది.
పోయినవారం తెచ్చింది
మూత తియ్యకుండా ఫ్రిజ్‌లో నన్ను చూస్తుంటుంది.
మెట్ల పక్కన గోడకి ఒక పట్టుకొమ్మ బిగించాను.
(బళ్ళో రాసిన వ్యాసాల్లో తప్ప
ఆ మాట వాడే అవసరం నాకెప్పుడూ రాలేదు.)
పై ఆదివారానికి దాని మీద
తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి.

ఆ పూట అరిచాను.
అనకూడని మాట కూడా అన్నాను:
"నువ్వు పడితే నాలుగు రోజులదాకా ఎవరికీ తెలీదు."
కళ్ళజోడు చెంగుతో తుడుచుకుంటూ
"వాసనొస్తుందిలే. మౌరీన్ ముక్కు మంచిది" అంది.
నవ్వొచ్చింది.
కోపం సగంలో ఉండగా నవ్వొస్తే
ఎంత నీరసమో మనిషికి.

ముప్పైరెండేళ్ళు ఈ ఊరికి
ఆవిడే మత్తు డాక్టరు.
రేవు కూలీలు, చేపలు కోసే ఆడవాళ్ళు,
వలతాళ్ళలో వేళ్ళు పోగొట్టుకున్న కుర్రాళ్ళు,
బల్ల మీద వెల్లకిలా పడుకుని
పేరు పలకడం చేతకాని
ఒక చామనచాయ మనిషి చేతిలో
ఊపిరి పెట్టేసి
పది నించి వెనక్కి లెక్కపెట్టారు.
ఏడు దాటినవాడు లేడంటుంది.

ఒకసారి నడిమెట్టు మీద ఆగిపోయింది.
ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడకి.
గోడకి పట్టేముంది, అయినా పట్టుకుంది.
పట్టుకొమ్మ జానెడు దూరంలో ఉంది.
నేను ఒక మెట్టు దిగాను. ఆగు, అన్నట్టు వేలెత్తి,
నావైపు చూడకుండానే
"నిద్రపుచ్చడం ఎవడైనా చేస్తాడ్రా.
మేలుకునేదాకా పక్కన కూచోవాలి చూడూ,
అదీ ఉద్యోగం.
నేనున్నానని వాళ్ళకి తెలీదు.
తెలియకూడదు కూడా" అంది.
ఊపిరి అందాక మిగతా మెట్లెక్కింది.
ఎంతసేపు పట్టిందో చెప్పను.

ఆ రోజు వెళ్తూ వెళ్తూ
డబ్బా చక్రాలకి నూనె రాశాను.

సోమవారం రాత్రి మలుపు అవతల
లైట్లార్పి కార్లో కూచున్నాను.
సముద్రం మీంచి గాలి, చేపల వాసనతో.
మౌరీన్ కిటికీ చీకటైంది.
తలుపు తెరుచుకుంది.
పది, తొమ్మిది, ఎనిమిది,
చక్రాలు చప్పుడు చెయ్యలేదు.
డబ్బాని ఒక క్షణం అనుమానంగా చూసి
మళ్ళీ ఈడ్చింది.
ఏడు.
ఏడు దాటి, ఒకటి దాటి, సున్నా దాటి
ఆవిడ తలుపు గడియపడేదాకా లెక్కపెట్టాను.

పొద్దున్నే ఫోను.
"రాత్రి మా వీధిలో ఎవడో కారు పెట్టాడు.
వెళ్ళేప్పుడు చూశాను,
వెనక ఎడమ లైటు వెలగట్లేదు.
బాగు చేయించుకోమను."